చిన్న ఇంజిన్ క్రాంక్ బ్యాలెన్సు: బెజ్జం వేయాలా, బరువు నింపాలా? ఏది మేలు?

సైకిల్‌కు బిగించే 66 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్ కిట్ల మీద ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. వేగం ముప్పై దాటితే అరచేతులు తిమ్మిరెక్కుతాయి, ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే మౌంటింగ్ స్టడ్లు వదులై తెగుతాయి, కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు నురగ కట్టి బండి దగ్గుతుంది. మౌంటుల కింద రబ్బరు ముక్క పెట్టడం అందరూ చేసే వైద్యమే గానీ, దానివల్ల ఇంజిన్ ఊగి చైను లైను తప్పుతుంది. అదురు పుట్టేది క్రాంకులో, అంటే పిస్టను పైకీ కిందికీ ఆడే ఆటను తిప్పుగా మార్చే ఇరుసులో, కాబట్టి సరిచేయాల్సింది కూడా క్రాంకునే.

ముందు ఆ బండి ఎక్కడ తిరుగుతుందో చూసుకోండి. ఈ కిట్లలో లోపలి గేరు తగ్గింపు 4.1. ముందు 10 పళ్లు, వెనక 44 పళ్లు, 26 అంగుళాల చక్రం ఉంటే గంటకు 25 కి.మీ. దగ్గర ఇంజిన్ సుమారు 3,600 చుట్లు, 40 దగ్గర 5,800 చుట్లు తిరుగుతుంది. అదురు బలం చుట్ల వర్గంతో పెరుగుతుంది. పైకీ కిందికీ ఆడే బరువు 150 గ్రాములు, స్ట్రోకు 38 మి.మీ. అయితే ఆ బలం 25 దగ్గర 41 కిలోలు, 40 దగ్గర 107 కిలోలు. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు గట్ల మీద మెల్లగా తిరిగే బండికి క్రాంకు విప్పడం దండగ. స్టడ్లు మార్చి బిగిస్తే చాలు. కావలి నుంచి ఒంగోలు దాకా హైవే పట్టే బండికే ఈ పని అవసరం. (అన్నట్టు, మోటారు వాహనాల చట్టం మినహాయింపు 25 సీసీ వరకే. 66 సీసీ బండి రోడ్డెక్కాలంటే రిజిస్ట్రేషన్ కావాలి.)

లెక్క తేలాలంటే తూకం కావాలి. బంగారం తూచే కాటా లాంటిది, కనీసం 0.1 గ్రాము తేడా చూపేది తీసుకోండి. పిస్టను, రింగులు, పిస్టను పిన్ను, క్లిప్పులు, చిన్న బేరింగు కలిపి తూచండి. పిస్టనును క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డును అడ్డంగా లెవెల్‌లో ఉంచి, దాని చిన్న చివర మాత్రమే కాటా మీద ఆనించి ఆ బరువు కూడా రాసుకోండి. మొదటిది 118, రెండోది 32 వచ్చాయనుకుందాం, మొత్తం 150. ఇప్పుడు పాలిష్ పట్టిన చీమకుర్తి గ్రానైట్ ముక్కను రసమట్టంతో సరిచేసి, దానిమీద రెండు ఉక్కు బద్దల్ని అంచు పైకి వచ్చేలా సమాంతరంగా నిలబెట్టండి. బేరింగులు తీసేసి, అవి కూర్చునే చోట్లే అంచుల మీద ఆనేట్టు క్రాంకును పెట్టండి. రాడ్డును వేలాడదీసి, ఏ కోణంలో వదిలినా క్రాంకు దొర్లకుండా నిలిచేదాకా చిన్న చివరకు బరువు తగిలించండి. 10 గ్రాముల దగ్గర నిలిచిందంటే, 10కి 32 కలిపి 150తో భాగిస్తే 28 శాతం. అంటే పైకీ కిందికీ ఆడే బరువులో క్రాంకు సరిదూచేది అంతే. ఒంటి సిలిండరుకు 50 శాతం దగ్గర పెట్టుకుంటే మంచి రాజీ. అంటే క్రాంక్ పిన్ను (రాడ్డు పెద్ద చివర తగులుకునే పిన్ను) దూరంలో ఇంకా 33 గ్రాముల తేడా రావాలి.

ఇది రాబట్టడానికి మొదటి దారి, క్రాంక్ పిన్ను వైపు బెజ్జాలు వేసి బరువు తీయడం. పిన్నుకు ఇరువైపులా ఉండే క్రాంకు చక్రాల మందం 12 మి.మీ. ఉంటే 8 మి.మీ. బెజ్జానికి 4.7 గ్రాముల ఉక్కు పోతుంది. పిన్నుకు అటూ ఇటూ వేస్తాం గనుక పనికొచ్చే దూరం సుమారు 18 మి.మీ.; ఆ లెక్కన 35 గ్రాములు తీయాలి. చక్రానికి నాలుగు చొప్పున ఎనిమిది బెజ్జాలు వేస్తే 38 వస్తుంది, కాస్త ఎక్కువే. అందుకే చివరి జతను 6 మి.మీ. డ్రిల్లుతో మొదలుపెట్టి, తూస్తూ పెద్దది చేయాలి. పిన్ను బెజ్జం అంచు నుంచి కనీసం 5 మి.మీ. ఉక్కు వదలాలి. అక్కడ పలచబడితే పిన్నును బిగించి ఉంచే ప్రెస్ పట్టు సడలి, గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చిన రోజున క్రాంకు మెలి తిరుగుతుంది. లేత్ షాపులో ఇచ్చేముందు రాడ్డు పెద్ద చివర ఉండే బిగ్ ఎండ్ బేరింగు చుట్టూ గ్రీజు గుడ్డ కుక్కి టేపు చుట్టండి; ఒక్క రజను లోపలికి పోయినా బేరింగు పాడు. ఈ దారికి ఇంకో లోటుంది. ఎనిమిది బెజ్జాలు కలిస్తే క్రాంకు తిరిగే కేసులో దాదాపు 5 సీసీ ఖాళీ పెరిగి, పెట్రోలు గాలిని సిలిండరులోకి తోసే కింది ఒత్తిడి కొంచెం తగ్గుతుంది.

రెండోది క్రాంక్ పిన్నుకు ఎదురు వైపు బెజ్జం వేసి ఉక్కుకంటే బరువైన లోహం దిగ్గొట్టడం. సముద్రం దగ్గర వలలకు కట్టే సీసపు గుళ్లు చవగ్గా దొరుకుతాయి కదా అని చాలామంది దానికే చేయి చాపుతారు. వద్దు. ఉక్కు సీసీకి 7.85 గ్రాములు, సీసం 11.34. అదే 8 మి.మీ. బెజ్జంలో సీసం నింపితే అదనంగా మిగిలేది 2 గ్రాములు, కేంద్రం నుంచి 22 మి.మీ. దూరంలో వేసినా మన లెక్కకు పద్నాలుగు బెజ్జాలు కావాలి. పైగా మెత్తని లోహం కాబట్టి తిరిగే ఊపుకు బయటి గోడకు అదుముకుని సాగుతుంది, వదులై పక్కకు జారి కేసుకు రాసుకుంటుంది. టంగ్‌స్టన్ సంగతి వేరు. సీసీకి 19.3 గ్రాములు, ఒక్కో బెజ్జానికి దాదాపు 7 గ్రాములు లాభం. అదే దూరంలో నాలుగు ముక్కలు వేస్తే పనైపోతుంది, ఖాళీ పెరగదు, పిన్ను జోలికి పోనక్కర్లేదు. పని పరంగా ఇదే మేలు. కాని 8 మి.మీ. కడ్డీ మన ఊళ్లలో అడిగిన వెంటనే దొరకదు. టిగ్ వెల్డింగ్ వాళ్ల దగ్గర 3.2 మి.మీ. టంగ్‌స్టన్ రాడ్డు ఉంటుంది గానీ ముక్కకు వచ్చేది ఒక గ్రామే, ఇరవై ఆరు బెజ్జాలు వేయాలి. ఎర్ర గుర్తు ఉన్న రాడ్డులో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది, దాన్ని అరగదీసి ఆ పొడి పీల్చకండి.

పిస్టన్ను తేలిక చేయడం మూడోది. 10 గ్రాములు తగ్గితే శాతం 28 నుంచి 30కే వస్తుంది. స్కర్టు, అంటే పిస్టను కింది అంచు కోస్తే పెట్రోలు గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్ తెరుచుకునే వేళ కూడా మారిపోతుంది. పిస్టను పిన్ను లోపలి అంచులు కాస్త తొలిచి ఊరుకోవచ్చు.

కడ్డీ చేతికొస్తే టంగ్‌స్టన్, రాకపోతే బెజ్జాలు. ఏది చేసినా తిరిగి బిగించేముందు క్రాంకును వీ బ్లాకుల (V ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి తిప్పుతూ, వంకరను కొలిచే డయల్ గేజితో చూడండి. 0.05 మి.మీ. మించి వంకర ఉంటే ఈ బ్యాలెన్సంతా వృథా. నడిపి చూసినప్పుడు పైకీ కిందికీ కాక ముందుకూ వెనక్కూ కుదిపితే బెజ్జాలు ఎక్కువయ్యాయని అర్థం. ఒక జతలో అల్యూమినియం ముక్కలు బిగువుగా దిగ్గొట్టి, మళ్లీ బద్దల మీద పెట్టి తూచుకోండి.