మెత్తలు పోతే హెడ్‌ఫోన్ మొత్తం పారేయాలా?

రెండేళ్లకే చెవి మెత్తలు పొట్టు రాలడం మొదలైంది, ఎప్పుడు తీసినా చెవుల చుట్టూ నల్లటి పెచ్చులే. అది తోలు కాదు, పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత, చెమటకీ మన నెల్లూరు ఉక్కకీ ఊడిపోతుంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే మెత్తలు విడిగా రావు, కొత్తది కొనుక్కోండన్నారు. లోపల స్పీకర్లు నిక్షేపంగా ఉన్నాయండీ! చాలా బాధేసింది.

ట్రంకు రోడ్డులో సెల్ రిపేర్ చేసే అన్న జిగురుని వేడిచేసి, పాతవి మెల్లగా లేపి, నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన గుడ్డ మెత్తలు రెండు వైపుల టేపుతో అంటించాడు. "కంపెనీవాళ్లు జిగురు బదులు క్లిప్పులు పెట్టుంటే నువ్వే మార్చుకుందువు కదబ్బయా" అన్నాడు, నిజమే. కొనేముందు లోపలి కొలత, బయటి కొలత రెండూ చూసుకోండి, సందు మిగిలితే బేస్, అంటే పాటలో లోతైన శబ్దం, పోతుంది. నాది ఇప్పుడు బాగానే మోగుతోంది, ఆ కంపెనీది మాత్రం మళ్లీ కొనను.