సొంత గుర్రాన్ని రైడింగ్ క్లాసుకు తీసుకెళ్తున్నారా? డబ్బు కట్టే ముందు వాళ్ల కళ్లెం చూడండి

సొంతంగా గుర్రం కొనుక్కుని, బయట ఎక్కడైనా ట్రైనింగ్ ఇప్పిద్దామనుకుంటున్న గుంటూరు, విజయవాడ వాళ్ల కోసం ఇది రాస్తున్నా. నాకు పద్దెనిమిది వేలు పోయాయి. డబ్బు పోతే పోయింది, నా గుర్రప్పిల్ల నోరు చిరిగింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సెంటర్ పేరు రాయను. విజయవాడ అవతల అని మాత్రం చెప్తా. పేరు చెప్పమని అడగొద్దు. పేరు కంటే వాళ్ల పద్ధతి తెలుసుకోవడం మీకు ముఖ్యం.

మా మల్లి మార్వాడీ జాతి ఆడ గుర్రం. నుదుటి మీద మల్లెమొగ్గంత తెల్లచుక్క ఉంటుంది, అందుకే ఆ పేరు. డిసెంబర్‌లో మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతలో కొన్నా. నాలుగేళ్లు దాటాయన్నాడు అమ్మినవాడు, నమ్మేశాను. నారాకోడూరు దగ్గర మా తోటలో రెండు నెలలు నిదానంగా అలవాటు చేశాం. ముందు పగ్గం పట్టుకుని నడిపించడం, తర్వాత పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పడం, తర్వాత ఖాళీ జీను వేసి వదిలేయడం. చివర్లో మా మేనల్లుడు నాలుగంటే నాలుగుసార్లు ఎక్కాడు, ఒక్కోసారి పది నిమిషాలు, అదీ నడకే. వాడి బరువు యాభై నాలుగు కిలోలు.

ఇక మనకి తెలిసింది ఇంతే, తెలిసినవాళ్ల చేతిలో పెడదాం అనుకున్నా. ఫోన్లో మూడు విషయాలు స్పష్టంగా చెప్పా. ఇది పిల్ల, మొదటి రోజు అరగంట నడక చాలు, ఆ టైములో రింగులో వేరే గుర్రాలు ఉండకూడదు అని. "మీరు టెన్షన్ పడకండి సార్, మా చేతిలో పడితే పది నిమిషాల్లో లైన్లోకొచ్చుద్ది" అన్నాడు కోచ్. ఆ మాటకే నేను ఆగిపోయుండాల్సింది. ఆగకపోగా, పది క్లాసుల ప్యాకేజీకి మొత్తం డబ్బు ఫోన్‌పే చేసేశా.

బండి ఎక్కించడానికి మాత్రం తొందరపడలేదు. వారం రోజులు బొలేరో పికప్‌ని తోటలోనే పెట్టుకుని, కింద ఊక పోసి, ఉలవలు అందులోనే పెట్టాం. డాక్టర్ దగ్గర హెల్త్ సర్టిఫికెట్ కూడా తీసుకున్నా. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం అది బండిలో ఉండాలి. శుక్రవారం తెల్లారగట్ల బయల్దేరాం. కాజా టోల్‌గేట్ దగ్గర లారీ హారన్‌కి ఒకసారి ఉలిక్కిపడింది, వారధి మీద కృష్ణ గాలి తగిలేసరికి చెవులు నిక్కించి చూసింది. అంతే. దిగేటప్పుడు మెడ దగ్గర కాస్త చెమట, ఇంకేం లేదు.

చెప్పిన టైము ఎనిమిది. రింగులోకి పిలిచింది పదకొండు దాటాక. అంతసేపూ రేకుల షెడ్డు పక్కన, పెళ్లి ఊరేగింపులకు తిప్పే రెండు మగ గుర్రాలకు ఎదురుగా నిలబెట్టారు. అవి సకిలిస్తూనే ఉన్నాయి, ఇది తొక్కుళ్లాడుతూనే ఉంది. నీళ్లు నేనే మోసుకొచ్చి పెట్టా. తీరా పిలిచాక నన్ను ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి ఒక కాగితం మీద సంతకం అడిగారు. గుర్రానికి ఏం జరిగినా బాధ్యత ఓనర్‌దే అని ఉంది అందులో. నేను అక్కడ సంతకం పెడుతున్న ఆ ఐదు నిమిషాల్లోనే ఇక్కడ మా కళ్లెం తీసేసి వాళ్లది తగిలించారు.

కోచ్‌కి ఎనభై ఐదు కిలోలకు తక్కువ ఉండదు. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదనేది గుర్రాలవాళ్లు సాధారణంగా పాటించే లెక్క. మల్లి టేపు కొలత ప్రకారం మూడు వందల కిలోలు, అంటే అరవై దాటకూడదు, పిల్ల కాబట్టి ఇంకా తక్కువే మేలు. ఆయన ఎక్కీ ఎక్కగానే పరుగు పెట్టించాడు. అది తల ఆకాశానికెత్తి, నోరు తెరిచి, నాలుక పక్కకి వేలాడేసి వెనక్కి వెనక్కి పోతుంటే అక్కడి కుర్రాడొకడు "డాన్స్ చేస్తంది చూడండి సార్" అంటూ వీడియో తీశాడు. ఆ వీడియో తర్వాత అడిగి తీసుకున్నా. అందులో చూస్తే తెలిసింది, "ఆపండి" అని నేను అరవడానికి పదకొండు నిమిషాలు పట్టిందని. కోచ్ అంటే ఆయనకి తెలిసే ఉంటుందిలే అన్న మొహమాటంతో నిలబడ్డా. ఈ పోస్టులో సిగ్గుపడుతూ రాస్తున్న వాక్యం ఇదొక్కటే.

కళ్లెం నేనే విప్పా. నా చొక్కా మీద గులాబీ రంగు నురగ పడింది. చేతిలోకి తీసుకుని చూస్తే సైకిల్ చైనులా ఉంది, దానికి వరసగా ముళ్లు. పల్లేరుకాయ మీద కాలేస్తే ఎలా ఉంటుందో మన పల్లెటూళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు, అలాంటిది నాలుక మీద. ఎడమవైపు పెదవి మూల గోరంత మేర చిరిగింది. బండి లాగే, బరువు మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1965లోనే కేంద్ర నియమాలు వచ్చాయి. ముళ్లున్న కళ్లెం తోలడానికే కాదు, స్వారీకీ వాడకూడదని వాటిలో ఉంది. ఆ మాటంటే కోచ్ నవ్వాడు. "అందరూ వాడేదే సార్" అన్నాడు.

తిరిగి బండి ఎక్కించడానికి రెండు గంటలు పట్టింది. పొద్దున తనంతట తానే ఎక్కిన పిల్ల, పలక మీద కాలు పెట్టనంది. అక్కడి కుర్రాళ్లు కర్ర తెస్తే మా డ్రైవర్ బాబాయ్ లాక్కుని అవతల పారేశాడు. నేరుగా గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. గాయం కడిగి ధనుర్వాతానికి ఇంజెక్షన్ ఇచ్చారు. గుర్రాలకి అది చాలా తొందరగా సోకుతుంది, చిన్న గాయమని వదిలేయకూడదు. తర్వాత డాక్టరుగారు పెదవి ఎత్తి నాకు పళ్లు చూపించారు. ముందు మధ్యలో ఉన్న జంట మాత్రమే మారింది, పక్కవి ఇంకా పాలపళ్లే. మధ్యవి రెండున్నరేళ్లకి, పక్కవి మూడున్నరకి, చివరివి నాలుగున్నరకి మారతాయట. అంటే మల్లికి మూడేళ్లకి అటూ ఇటూ. దవడ పళ్లు కూడా ఈ వయసులోనే మారుతుంటాయి కాబట్టి నోరు అసలే నొప్పిగా ఉంటుంది. వెన్నెముక ముదరడానికి ఐదారేళ్లు పడుతుంది. సంతలో ఒకడు, సెంటర్లో ఒకడు, ఇద్దరూ ఆ నోరు తెరిచి చూడనే లేదు. సరే, నేనూ చూడలేదనుకోండి.

డబ్బు వెనక్కి అడిగితే సంతకం చూపించారు. మూడో రోజు తెలియని నంబరు నుంచి ఫోన్. "మీ గుర్రం మొండిదంట గదా, అరవై వేలకి ఇచ్చేయండి, మేం చూసుకుంటాం." నేను కొన్నది లక్షా అరవై వేలకి. నంబరు ఎవరిచ్చారంటే కట్ చేశాడు. ఇది పథకమేనని నేను రుజువు చేయలేను, కానీ క్లాసు తర్వాత ఇలాంటి ఫోన్ మీకూ వస్తే ఒక్కరోజు ఆగి ఆలోచించండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా. ఫోన్‌పే రసీదు, వీడియో, ఆసుపత్రి చీటీ దగ్గరున్నాయి. తేలకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్తా. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా ఉండదు.

మీరు మాత్రం మొదట గుర్రం లేకుండా వెళ్లండి. వాళ్లు వాడే కళ్లెం అడిగి తీసుకుని వేలితో తడిమి చూడండి. ఎవరు ఎక్కుతారో ఆ మనిషిని చూడండి, వేరేవాళ్ల గుర్రానికి క్లాసు జరుగుతుంటే పక్కన కూర్చోండి. చూపించడానికి నసిగితే అక్కణ్నుంచే తిరిగొచ్చేయండి. మీ జీను, మీ కళ్లెం మీరే పట్టుకెళ్లండి. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఎవరూ ఎక్కకపోయినా పర్లేదు. దిగి, చుట్టూ చూసి, కాస్త గడ్డి తిని ఇంటికొస్తే అదే మొదటి క్లాసు. పది క్లాసుల డబ్బు ఒకేసారి అడిగితే ఒక్కదానికే కట్టండి.

మల్లి నోరు మానింది. చెవుల దగ్గరికి చెయ్యి వస్తే ఇంకా తల ఎత్తేస్తోంది. స్వారీ మళ్లీ ఏడాది తర్వాతే. బొలేరో మళ్లీ తోటలోనే ఉంది, ఊక పోసి, పలక దించి. నిన్న సాయంత్రం ముందుకాళ్లు రెండూ పలక మీద పెట్టింది, మెడ చాచి ఉలవలు తిని, దిగిపోయింది.