అర్క అనామిక బెండ విత్తనం: మిద్దెతోటకు ఎంతవరకు పనికొస్తుంది?

బెండ విత్తనాలు కావాలంటే దుకాణంలో ఎక్కువగా చేతిలో పెట్టేది హైబ్రిడ్ ప్యాకెట్టే. ఇంటి వాడకానికైతే అర్క అనామిక అని అడిగి తీసుకోండి. ఆకు ఈనెలు పసుపెక్కే వైరస్ జబ్బు శంఖురోగాన్ని తట్టుకునేలా సాగు బెండను ఒక అడవి జాతితో సంకరపరిచి, ఆ సంతతిలోంచి బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఎంపిక చేసిన సూటిరకం ఇది, అంటే హైబ్రిడ్ కాదు. ఒక్కసారి కొంటే తర్వాతి పంటకు విత్తనం మన చెట్టు మీదే కట్టుకోవచ్చు.

ప్యాకెట్ మీద మొలక శాతం, గడువు తేదీ చూడండి. ధ్రువీకరించిన బెండ విత్తనానికి కనీసం 65 శాతం మొలక ఉంటే చాలన్నది నియమం. అంటే మూడు గింజల్లో ఒకటి మొలవకపోయినా విత్తనం చెడ్డదని కాదు. అందుకే కుండీకి మూడు గింజలు, 2 సెంటీమీటర్ల లోతున పెట్టాలి. మామూలు గింజల్ని రాత్రంతా నానబెట్టండి. రంగు పూసి ఉంటే మందు పట్టించినవి, నానబెడితే ఆ మందు కొట్టుకుపోతుంది కాబట్టి నేరుగా విత్తేయండి. నారు పోసి నాటొద్దు, తల్లివేరు దెబ్బతింటే మొక్క కోలుకోదు. జూన్, జూలైలో గానీ, జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి చివరి దాకా గానీ విత్తుకోవాలి. డిసెంబరు చలిలో పెడితే గింజ మట్టిలోనే కుళ్ళుతుంది.

ఎక్కువమంది నిరాశపడేది దిగుబడి దగ్గర. ఈ రకం హెక్టారుకు 20 టన్నుల దాకా ఇస్తుందంటారు. 60×30 సెంటీమీటర్ల ఎడంలో లెక్కేస్తే మొక్కకు పంటకాలం మొత్తమ్మీద దాదాపు 360 గ్రాములు. నలుగురికి ఒక పూట కూరకు పావుకిలో కావాలి. మూడు కుండీలు పెట్టి వారం వారం వేపుడు ఆశిస్తే ఎక్కడినుంచి వస్తుంది? మొలిచిన వాటిలో బలమైనది ఒక్కటే ఉంచి, 12 అంగుళాల మొక్కల సంచికి ఒక మొక్క చొప్పున కనీసం పన్నెండు పెట్టండి.

ఇక రోగం సంగతి. ‘వైరస్‌ను తట్టుకుంటుంది’ అన్న మాటను అసలు రాదన్నట్టు చదవకూడదు. తెల్లదోమ విపరీతంగా ఉన్నచోట ఈ రకానికీ శంఖురోగం వస్తోంది. ముందు లేతాకు ఈనెలు పసుపుపచ్చ వలలా కనిపిస్తాయి, మధ్యలో ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది. తర్వాత కాయలు పాలిపోయి, చిన్నగా, గట్టిగా వస్తాయి. దీనికి మందు లేదు. ఆ మొక్కను జాలిపడకుండా పీకేయాలి, ఉంచితే దోమ దాన్ని మిగతా వాటికి మోస్తుంది. మొలకలు వచ్చిన వారం నుంచే పసుపు జిగురు అట్టలు కట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. పైన కొడితే దండగ, దోమ ఉండేది అడుగునే.

కాయ విషయంలో మాత్రం వంక పెట్టలేం. ముదురాకుపచ్చ, సన్నటి పొడవు, పీచు తక్కువ. పువ్వు విచ్చిన ఐదారు రోజులకే కోయాలి. కొనను బొటనవేలితో వంచితే టప్పున విరగాలి, వంగిందంటే ముదిరినట్టే. రోజు విడిచి రోజు కోయకపోతే చెట్టు బలమంతా గింజకు పోయి కొత్త పూత తగ్గుతుంది.

వేపుడుకు కాయల్ని కడిగి, తుడిచి, గంటసేపు ఆరబెట్టాకే తరగండి. జిగురు నీళ్లలో కరిగే పదార్థం, తడి తగిలిన కొద్దీ సాగుతుంది. పావుకిలో ముక్కలకు మూడు చెంచాల నూనె, వెడల్పాటి మూకుడు, మూత వద్దు. ఉప్పు ముందే వేస్తే నీరు ఊరుతుంది, ముక్కలు ముప్పావు వంతు వేగాక వేయాలి. పులుసుకైతే రెండంగుళాల ముక్కల్ని నూనెలో జిగురు పోయేదాకా మగ్గించి, అప్పుడే చింతపండు రసం పోయాలి.

విత్తనానికి ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద రెండో, మూడో కాయను వదిలేయండి. పక్కింట్లో హైబ్రిడ్ బెండ ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, కాబట్టి పువ్వు విచ్చే ముందటి సాయంత్రమే మొగ్గకు పల్చటి గుడ్డసంచి కట్టి, పువ్వు వాడాక తీసేయాలి. కాయ చెట్టు మీదే ఎండి పగులు చూపాక గింజలు తీసి, నీడలో ఆరబెట్టి, సీసాలో కొంచెం బూడిద కలిపి దాచుకోండి.