జేక్యూ సమీక్ష: జేసన్‌తో రోజూ పని ఉన్నవాళ్లకు

వెబ్ సర్వీసులు పంపే జేసన్ (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ ఫార్మాట్) చాలాసార్లు ఖాళీలు లేకుండా ఒకే లైన్‌లో వస్తుంది. అందులోంచి రెండు ఫీల్డులు లాగడానికి ప్రత్యేకంగా ప్రోగ్రామ్ రాయడం దండగ. టెర్మినల్‌లో ఆ పనికి జేక్యూ (jq) కంటే మంచిది కనబడదు. స్టీఫెన్ డోలన్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ టూల్ 2012 నుంచి ఉంది. ఉబుంటులో ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసుకుంటే చాలు.

తెలుగు డేటా ఉన్నవాళ్లకు దీని విలువ మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. పైథాన్, పీహెచ్‌పీ డిఫాల్ట్‌గా తెలుగు అక్షరాలను యూనికోడ్ ఎస్కేపులుగా, అంటే \u0c24 లాంటి కోడ్లుగా మార్చి పంపుతాయి. "తెలుగు" అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు, ఎస్కేపులుగా 36 బైట్లు, పైగా కంటితో చదవలేం. జేక్యూకి ఫిల్టర్‌గా (ఏం కావాలో చెప్పే సూత్రంగా) ఒక్క చుక్క '.' ఇస్తే అదంతా వరస పెట్టి, మళ్లీ తెలుగులో చూపిస్తుంది. కానీ అదే మాటకి లెంగ్త్ అడిగితే 6 అంటుంది. ఒత్తులు, గుణింతపు గుర్తులు కూడా విడిగా లెక్కపెడుతుంది కాబట్టి, ఫారంలో అక్షరాల పరిమితికి ఈ లెక్కని నమ్ముకోకూడదు.

కీ (ఫీల్డు) పేరు తెలుగులో ఉంటే చుక్క పక్కన నేరుగా రాయడం కుదరదు, సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. కోట్స్ పెట్టాలి. జాబితాలోని ఒక్కో రికార్డు ('.[]') నుంచి పేరు తీయాలంటే ఇలా:

'.[] | ."పేరు"'

ఫలితం చుట్టూ ఉండే కోట్స్ వద్దంటే హైఫన్ ఆర్ (-r) ఆప్షన్ ఇవ్వండి. పైన ఫిల్టర్ చుట్టూ ఉన్న సింగిల్ కోట్స్ లినక్స్‌లో, మ్యాక్‌లో పనిచేస్తాయి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ వాటిని పట్టించుకోదు. అక్కడ ఫిల్టర్‌ని ఫైల్లో రాసి హైఫన్ ఎఫ్ (-f)తో ఇవ్వడమే సుఖం.

ఇక దెబ్బతినే చోట్లు. కీ పేరులో అక్షరం తప్పినా జేక్యూ ఎర్రర్ ఇవ్వదు, నల్ (విలువ లేదని అర్థం) ఇచ్చి ఊరుకుంటుంది. ఆ నల్ మీద '.[]' నడిపితేనే ఎర్రర్ బయటపడుతుంది. చాలామంది దాన్ని '.[]?' అని నోరు మూయిస్తారు. అలా చేస్తే తప్పు పోదు, కనబడకుండా పోతుంది, అంతే. డిఫాల్ట్ విలువ కోసం వాడే '//' ఇంకా ప్రమాదం:

'."చెల్లించారా" // "తెలియదు"'

ఇది నల్‌నే కాదు, ఫాల్స్‌ని (కాదు అనే జవాబుని) కూడా "తెలియదు" చేసేస్తుంది. డబ్బు కట్టనివాళ్లంతా లెక్కలోంచి మాయం. ఇలాంటి ఫీల్డుకి నల్ అవునా కాదా అని ఇఫ్‌తో విడిగా అడగాల్సిందే.

పెద్ద అంకెల సంగతి వెర్షన్‌ని బట్టి ఉంటుంది. 1.6లో 9007199254740993 ఇస్తే చివరి అంకె 2 అయి వస్తుంది, ఎందుకంటే అంకెలన్నీ డబుల్‌లోకి (సుమారు 16 అంకెలదాకానే కచ్చితంగా ఉండే సంఖ్య రకంలోకి) మారిపోతాయి. ఉబుంటు 22.04లో వచ్చేది ఈ వెర్షనే. 2023లో వచ్చిన 1.7 నుంచి, ముట్టుకోకుండా దాటించిన అంకె ఉన్నదున్నట్టు ఉంటుంది. కూడిక, తీసివేత చేస్తే మాత్రం మళ్లీ అదే కథ. పది అంకెల ఫోన్ నంబరుకి భయం లేదు. 19 అంకెల ఐడీలనైతే పంపేవాళ్లే స్ట్రింగ్‌గా పంపాలి.

ఒక ఫైల్‌ని చదివి ఫలితాన్ని '>'తో అదే ఫైల్లోకి రాయకండి. జేక్యూ మొదలయ్యేలోపే షెల్ ఆ ఫైల్‌ని ఖాళీ చేస్తుంది, డేటా పోతుంది. వేరే పేరుతో రాసి, సరిచూసి, తర్వాత పేరు మార్చుకోండి.

మరీ పెద్ద ఫైళ్ల దగ్గర ఇది కాస్త బరువెక్కుతుంది, డాక్యుమెంట్ మొత్తాన్ని మెమరీలోకి తీసుకుంటుంది. ముక్కలుగా చదివే స్ట్రీమ్ ఆప్షన్ ఉంది గానీ దానికి ఫిల్టర్లు రాయడం తలనొప్పి. డేటా తయారు చేసేది మీరే అయితే, ఒకే పెద్ద అర్రేగా కాకుండా లైన్‌కి ఒక రికార్డు చొప్పున రాయండి. అప్పుడు జేక్యూ ఒక్కో రికార్డునే చదువుకుంటూ పోతుంది.