కలపకు మందు ఎక్కించే ప్రెషర్ సిలిండర్: ఏళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం

మా కలప డిపోలో సరుగుడు, జామాయిల్ గుంజలకు చెదలు పట్టకుండా మందు ఎక్కించే ఉక్కు సిలిండర్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నాము. కొనదలచినవారు నన్ను మొదట అడిగేది అది ఎంత ఒత్తిడిని తట్టుకుంటుందని. అంతకంటే ముందు లోపలి గాలిని లాగేసే వ్యాక్యూమ్ పంపునూ తలుపు రబ్బరునూ చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ పేటెంటు పొందిన పద్ధతినే మేమూ అనుసరిస్తున్నాము. గుంజలను ట్రాలీపై లోపలికి తోసి, తలుపు బిగించి, 560 మిల్లీమీటర్ల పాదరస మట్టం వరకు వ్యాక్యూమ్ తెచ్చి అరగంటసేపు నిలిపితే కర్రలోని గాలి చాలావరకు బయటికి వస్తుంది. అది సడలకముందే మందునీళ్లు నింపి, ఆపైన ఒత్తిడి పెంచాలి. గాలి మిగిలిన కర్రకు ఎంత ఒత్తిడి పెట్టినా, దాన్ని తీసేయగానే లోపల నొక్కుకుపోయిన గాలి వ్యాకోచించి మందును వెనక్కి నెట్టేస్తుంది. మా సిలిండర్‌తో వచ్చిన తలుపు రబ్బరు త్వరగా గట్టిపడి, గేజ్ ముల్లు నిలవకుండా పడిపోయేది. మందునీళ్లను తట్టుకునే రబ్బరు వేయించాకే యంత్రం అసలు పనితనం తెలిసింది.

మందు ఎంతవరకు ఎక్కిందో చూడాలంటే, గుంజను అడ్డంగా కోసి, కోసిన ముఖంపై రాగిని పట్టిచూపే క్రోమ్ అజురాల్ ద్రావణం పూస్తే, మందులోని రాగి చేరిన మేర ముదురు నీలం తేలుతుంది. బాగా ఆరిన గుంజలో బయటి తెల్లకర్ర అంతా నీలమై, నడుమ చేవ మాత్రం ఎర్రగానే మిగులుతుంది. చేవలోకి మందు ఎక్కించడం ఈ యంత్రం వల్ల కాదు. కాబట్టి కొలతకు కోయడం, రంధ్రాలు వేయడం ముందే ముగించాలి. తరువాత కోస్తే మందు లేని భాగం చెదలకు దొరుకుతుంది. తడి 25 శాతానికి మించిన కర్రను లోపల పెట్టడం మందునూ కరెంటునూ వృథా చేయడమే.

రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశన్ రూపొందించారు. అది ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది; అయితే ఆర్సెనిక్ భయం వల్ల అమెరికాలో ఇళ్లకు వాడే కలప విషయంలో 2003 చివర దాన్ని మానుకున్నారు. మేము ఆర్సెనిక్‌కు బదులు బోరాన్ ఉన్న మందును ఎంచుకున్నాము. పనివాళ్ల ఆరోగ్యం దృష్ట్యా ఈ ఎంపికపై నాకు పూర్తి తృప్తి ఉంది, కానీ వానకు బోరాన్ కొట్టుకుపోతుంది గనుక తడి నేలలో పాతే గుంజల విషయంలో అది నిజంగా లోటే, ఆ మాట రైతుకు ముందే చెప్పాలి.

ముల్లు సున్నా చూపినా, తలుపు మీది చిన్న కుళాయి తెరిచి ఒత్తిడి లేదని తేల్చుకున్నాకే బోల్టులు వదులు చేయాలి. మందునీళ్లు తోడేశాక గుంజలపై మిగిలిన మందును లాగేందుకు పెట్టే చివరి వ్యాక్యూమ్‌ను సమయం ఆదా కోసం ఎగ్గొడితే గుంజలు బయటికి వచ్చాక మందు కారి నేలను పాడుచేస్తుంది. నిర్వహణలో విసుగు పుట్టించేది మందునీళ్ల ట్యాంకు అడుగున పేరుకునే మడ్డి ఒక్కటే. గుంజల బెరడునూ రంపపు పొట్టునూ బాగా దులిపి లోపల పెడితే అదీ చాలావరకు తగ్గుతుంది.