హార్బరు దగ్గర ఫైబర్ మేస్త్రీ: ఫ్లోరు గట్టిగా వచ్చింది, రంగే కుదర్లేదు

మాది విశాఖ పెదజాలరిపేట, ఇంజను ఫైబర్ బోటు. ఐస్ బాక్సు పక్కన కాలు పెడితే ఫ్లోరు స్పాంజిలా దిగిపోయేది. మొదట చూపించిన చోట పైన ఒక మ్యాట్ (గాజుపీచు పొర) వేసి రెజిన్ (గట్టిపడే జిగురు) పూస్తే చాలన్నారు. లోపల ప్లైవుడ్ కుళ్లిపోయాక పైన ఎంత పూసి ఏం లాభం?

ఫిషింగ్ హార్బరు దగ్గరున్న ఈ మేస్త్రీ ముందు గ్రైండరు తియ్యలేదు, సుత్తి తీశాడు. ఫ్లోరంతా కొట్టుకుంటూ పోయాడు. బాగున్నచోట టక్కుమంది, పోయినచోట దబ్బుమంది. సుద్దతో గీసి చూపిస్తే కాలికి మెత్తగా తగిలిన జాగా కన్నా చాలా పెద్దదే తేలింది. తర్వాత ఐస్ బాక్సు బోల్టులు విప్పాడు. కన్నాల్లోంచి నీళ్లు ఊరాయి. "ఉప్పునీటికి చెక్క అంత తొందరగా కుళ్లదు బాబూ. వాన నీళ్లు, ఐస్ కరిగిన నీళ్లు, ఇవే తినేస్తాయి" అన్నాడు. ఇన్నేళ్లుగా సముద్రాన్నే తిట్టుకున్నాం!

కుళ్లినదంతా కోసేశాడు, కింది ఫైబర్ పొరకి దెబ్బ తగలకుండా. కింద ఊతంగా ఉన్న బద్దీ ఒకటి నల్లబడితే అదీ మార్చాడు. కొత్తది 12 మి.మీ. మెరైన్ ప్లై. ఐఎస్ఐ ముద్ర దగ్గర మెరైన్ ప్లైకి ఉండే 710 నంబరు ఉందో లేదో నన్నే చూసుకోమన్నాడు. అతికించే ముందు ప్లైకి అన్ని వైపులా, ముఖ్యంగా అంచులకి, రెజిన్ పట్టించాడు. నాకు బాగా నచ్చింది బోల్టుల పని. కన్నాలు పెద్దవి చేసి, ఎపాక్సీ జిగురుతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ డ్రిల్లు వేశాడు. ఇప్పుడు బోల్టు పక్కనుంచి నీరు దిగినా చెక్కకి తగలదు.

ఇక తిట్లు. చెప్పిన రోజుకి ఇవ్వడు. మధ్యలో వాన పడి చెక్క తడిస్తే, పూర్తిగా ఆరేదాకా రెజిన్ ముట్టనన్నాడు. అందులో న్యాయం ఉంది, తడి చెక్కని రెజిన్ పట్టుకోదు. కానీ పక్క బోటు పని మొదలెట్టి నాది వదిలేసిన రోజులూ ఉన్నాయి, వాటికి వాన కారణం కాదు. గ్రైండింగ్ పొడి ఒంటికి పడితే ఒకటే దురద, కుర్రాళ్లకి మాస్కులు కూడా లేవు. కొత్త అతుకు రంగు పాతదానితో కలవలేదు, దూరం నుంచే తెలుస్తోంది.

కూలి సరసమే, డబ్బంతా ప్లైకీ రెజిన్‌కీ పోయింది. అవి మనమే కొనివ్వాలి.

వేట మొదలయ్యాక ఐస్ నిండుగా వేసి, ఇంజను ఫుల్లుగా తిప్పినా ఫ్లోరు కదల్లేదు. ఇప్పటిదాకా బోల్టుల చుట్టూ తడి లేదు.

వెళ్లేవాళ్లు వేట నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15కి ముందే మాట్లాడుకోండి. జూన్ వచ్చిందంటే వరుస పెరుగుతుంది, వానలూ మొదలవుతాయి. బిల్లు ఇవ్వడు, ఏమేం మారుస్తాడో ముందే చీటీ మీద రాయించుకోండి.