మత్తు మానాక పెరిగే బరువు: మెథడోన్, బూప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్‌లలో ఏది మేలు?

హెరాయిన్‌కో నొప్పి మాత్రలకో అలవాటుపడి చికిత్సకు వచ్చినవాళ్లలో చాలామంది, కొన్ని నెలలు తిరిగేసరికి ఒకే మాట అంటారు: "పాత బట్టలు పట్టడం లేదు, ఈ మందు ఆపేస్తాను." ఆ మాట వింటే నాకు భయం వేస్తుంది. మానేసిన కొద్దికాలానికే ఒంటికి ఆ మత్తును తట్టుకునే శక్తి పోతుంది. బరువు టెన్షన్‌తో మందు వదిలేసి, మళ్లీ జారిపడి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ఈ వ్యసనం చికిత్సలో వాడే మెథడోన్, బూప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్ అనే మూడు మందులనూ ఆకలి, బరువుల వైపు నుంచి పక్కపక్కన పెట్టి చూడాలి.

అసలు మత్తుకూ ఆకలికీ సంబంధం ఏమిటి? హెరాయిన్, మార్ఫిన్ లాంటి మందులను ఓపియాయిడ్లు అంటారు. మన మెదడు తన ఓపియాయిడ్లను తానే తయారుచేసుకుంటుంది. ఎండార్ఫిన్లు, ఎన్‌కెఫలిన్లు అవే. తిన్నది రుచిగా అనిపించడంలో, ఇంకో ముద్ద తినాలనిపించడంలో వాటి పాత్ర పెద్దది. ఎలుకల మెదడులో న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట మ్యూ రిసెప్టర్లను (కణాల మీద ఓపియాయిడ్లు అతుక్కుని పనిచేసే చోట్లను) ప్రేరేపించే పదార్థాన్ని నేరుగా ఎక్కిస్తే, కడుపు నిండి ఉన్నా కొవ్వు, తీపి ఉన్న మేత మీద పడతాయి.

ఆ లెక్కన హెరాయిన్ వాడేవాళ్లు లావెక్కాలి. కానీ ఎక్కువమంది చిక్కిపోతారు. తిండి ఇవ్వాల్సిన తృప్తిని మత్తే ఇచ్చేస్తుంది. పొట్ట, పేగుల కదలిక మందగించి వికారం, మలబద్ధకం పట్టుకుంటాయి. మత్తు దొరకని పూట విత్‌డ్రాయల్ (మత్తు అందక ఒళ్లు పడే యాతన) వస్తే వాంతులు, విరేచనాలు. మగవాళ్లలో టెస్టోస్టిరాన్ పడిపోయి కండ కరుగుతుంది. వేళకు భోజనం ఉండదు, తినే ఆ కాస్తా చాలావరకు తీపే. అంటే తీపి మీద యావ చికిత్సతో కొత్తగా పుట్టింది కాదు. సన్నటి ఒంట్లో అది బయటపడలేదు, అంతే.

మెదడులో ఆకలిని అదుపు చేసే హైపోథాలమస్ అనే భాగంలో జరిగే ఇంకో సంగతి నాల్ట్రెక్సోన్ దగ్గర పనికొస్తుంది. అక్కడ పీఓఎంసీ అనే రకం నాడీ కణాలు ఉంటాయి. అవి విడుదల చేసే ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ అనే హార్మోను "ఇక చాలు" అని ఆకలిని తగ్గిస్తుంది. అవే కణాలు బీటా-ఎండార్ఫిన్‌నూ వదులుతాయి. అది వెనక్కి తిరిగి ఆ కణాల నోరే నొక్కుతుంది.

ఇక మెథడోన్. 1960లలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ దీన్ని హెరాయిన్ వ్యసనానికి చికిత్సగా నిలబెట్టారు. మ్యూ రిసెప్టర్‌ను పూర్తిగా ప్రేరేపిస్తుంది, ఒంట్లో చాలాసేపు ఉంటుంది, అందుకే రోజుకు ఒక డోస్ సరిపోతుంది. మూడింటిలో బరువు పెరుగుదల గురించి ఎక్కువ ఫిర్యాదులు దీనిమీదే. ఆడవాళ్లలో ఇంకాస్త ఎక్కువ పెరుగుదలను చూసిన అధ్యయనాలూ ఉన్నాయి. నోరు ఎండిపోతుంటుంది, దానికి తీపి పానీయాలు తోడైతే పళ్లు పుచ్చుతాయి. కొందరికి కాళ్లలో నీరు చేరుతుంది. తూకంలో పెరిగిన అంకె అంతా కొవ్వు కాకపోవచ్చు కాబట్టి, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందేమో చూసుకుని, పడితే డాక్టరుకు చెప్పాలి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎముకలు బయటపడిన మనిషి తన పాత బరువుకు తిరిగి రావడాన్ని లావెక్కడం అనకూడదు, అది కోలుకోవడం. ఆ గీత దాటాక కూడా నెలనెలా నడుము కొలత పెరుగుతూ పోతేనే సమస్య. చాలామంది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసి, కోలుకుంటున్నందుకే బెంగపెట్టుకుంటారు.

బూప్రెనార్ఫిన్ నాలుక కింద పెట్టుకునే మందు. మ్యూ రిసెప్టర్ మీద దీని పని సగం తిప్పిన కుళాయి లాంటిది: విత్‌డ్రాయల్‌ను ఆపేంత వస్తుంది, ఒక హద్దు దాటాక డోస్ పెంచినా ప్రభావం అంతగా పెరగదు. కప్పా అనే మరో రకం ఓపియాయిడ్ రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది. టెస్టోస్టిరాన్‌ను మెథడోన్ అంతగా తగ్గించదు. బరువూ మొత్తం మీద మెథడోన్‌తో పోలిస్తే తక్కువగానే పెరుగుతుంది. అసలు పెరగదని మాత్రం అనుకోవద్దు, కోలుకునే ఆకలి ఇక్కడా ఉంటుంది. దీనితో చిక్కు మొదటి రోజున. ఒంట్లో ఇంకా హెరాయిన్ ఉండగానే తీసుకుంటే, అది ఆ హెరాయిన్‌ను రిసెప్టర్ల నుంచి నెట్టేసి ఒక్కసారిగా విత్‌డ్రాయల్ తెస్తుంది. ఆ అనుభవంతో బెదిరి మళ్లీ రానివాళ్లున్నారు.

మూడోది నాల్ట్రెక్సోన్. బరువు ఒక్కటే చూసేవాళ్లకు ఇదే నచ్చుతుంది. రిసెప్టర్లను ప్రేరేపించదు, అడ్డుకుంటుంది. ఇందాక చెప్పిన పీఓఎంసీ కణాలను బీటా-ఎండార్ఫిన్ నొక్కకుండా చేస్తుంది కాబట్టి, డిప్రెషన్‌కు వాడే బ్యూప్రోపియాన్‌తో కలిపిన మాత్రగా అమెరికాలో 2014లో ఊబకాయానికి అనుమతి పొందింది. కానీ ఆ ఫలితం జోడీది. నాల్ట్రెక్సోన్ ఒక్కటే వాడితే బరువు పెద్దగా తగ్గదు. పైగా ఇది మొదలుపెట్టాలంటే సాధారణంగా 7 నుంచి 10 రోజులు ఏ ఓపియాయిడ్ ముట్టకుండా ఉండాలి. ఆ గడప దగ్గరే చాలామంది ఆగిపోతారు. మాత్రలు మానేయడం తేలిక, మానేశాక మళ్లీ మత్తు తీసుకుంటే తట్టుకునే శక్తి ఉండదు. నెలకో ఇంజెక్షన్‌తో మాత్రల బెడద తప్పుతుంది గానీ, మొదటి గడప అలాగే ఉంటుంది.

మరి ఏది మేలు? నా లెక్కలో బరువు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఏ మందు మీద ఈ మనిషి నిలబడగలడు అన్నది. మెథడోన్, బూప్రెనార్ఫిన్ రెండూ కొనసాగినంత కాలం మరణాలను బాగా తగ్గిస్తాయని గట్టి ఆధారాలున్నాయి. నాల్ట్రెక్సోన్‌కు అంత గట్టి ఆధారం లేదు. మెథడోన్, బూప్రెనార్ఫిన్ రెండూ సరిపడే పరిస్థితిలో, బరువు దిగులు ఉంటే నేను బూప్రెనార్ఫిన్ వైపే మొగ్గుతాను. వ్యసనం బాగా ముదిరి, బూప్రెనార్ఫిన్‌తో కోరిక ఆగనివాళ్లకు మెథడోనే మేలు. చికిత్సలో కొనసాగేవాళ్ల సంఖ్య దానితోనే కాస్త ఎక్కువ. నడుము పెరుగుతుందని దాన్ని వద్దనడం ప్రాణంతో బేరం ఆడటమే. నాల్ట్రెక్సోన్ సరిపడేది ఇప్పటికే మత్తు పూర్తిగా మానేసి, చికిత్స కొనసాగిస్తానన్న పట్టుదలతో ఉన్నవాళ్లకు. సన్నబడటానికని దాన్ని ఎంచుకోవద్దు.

మందు ఏదైనా తీపిని మొదటి వారం నుంచే పట్టించుకోవడం మంచిది. ఆకలి లేకపోయినా వేళకు తినాలి, పొద్దున మాంసకృత్తులు ఉండాలి, దాహానికి నీళ్లే తాగాలి. తీపి తిన్నారని ఇంట్లోవాళ్లు సాధించకండి, దాన్ని మెల్లగా తగ్గించుకోవచ్చు. నిద్రకో డిప్రెషన్‌కో వాడే మందులు కూడా బరువు పెంచుతుండవచ్చు, ఆ జాబితా డాక్టరు ముందు పెట్టండి. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్ల గురించి అడిగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అవీ పొట్టను నెమ్మదింపజేస్తాయి, ఓపియాయిడ్ల వల్ల పేగులు అప్పటికే మందగించి ఉంటాయి. మలబద్ధకం ముదిరే అవకాశం ఉంది కాబట్టి ఆ సంగతి ముందే మాట్లాడాలి. మెథడోన్ నుంచి బూప్రెనార్ఫిన్‌కు మారాలనుకుంటే అదీ డాక్టరు చేతిమీదుగానే జరగాలి, సొంతంగా డోస్ కోసుకుని కాదు.